ఆగగలిగినోడిదే రేటు

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇప్పుడు ఇద్దరు మనుషులు కలిస్తే వానల ముచ్చట కంటే ముందు రేటు ముచ్చట వస్తున్నది. చాయ హోటల్లో అదే, బస్సులో అదే, పెళ్లిలో అదే, చివరికి దినాల కాడ కూడ అదే. ఈ ముచ్చటలో రెండు పార్టీలున్నాయి. ఒక పార్టీ అంటుంది: ఇది అసలైన పెరుగుదల, రోడ్లు వచ్చాయి, కంపెనీలు వచ్చాయి, పట్నం ఇటే పెరుగుతుంది, రేటు ఇంక దిగదు. రెండో పార్టీ అంటుంది: ఇదంతా గాలి బుడగ, ఎవరూ ఉండని ఫాంహౌసులు, ఎవరూ ఇల్లు కట్టని ప్లాట్లు, ఏదో ఒకరోజు పగులుతుంది. పేపర్లు, టీవీలు ఈ రెండు పార్టీల మధ్యనే తీర్పు చెపుతుంటాయి.

రెండు పార్టీలూ కొన్నవాడి గురించే మాట్లాడుతున్నాయి. వాడికి లాభమా, నష్టమా అన్నదే వాళ్ల తగాదా. అమ్మినవాడి లెక్క, అమ్మక తప్పనివాడి లెక్క, అమ్మకుండానే భూమి పోయినవాడి లెక్క ఎవరూ వెయ్యటం లేదు. ఆ లెక్క వెయ్యవలసింది వాడ. అందుకే ఈ సంపాదకీయం.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. పెరిగిన రేటంతా గాలి కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా మొదటి ముక్క 2008లో తెరిచారు. శంషాబాద్ విమానాశ్రయం కూడ ఆ ఏడే మొదలైంది. ఔటర్ మీద నుంచి అప్పా జంక్షన్‌లో దిగితే మొయినాబాద్, చేవెళ్ల నేరుగా దారి. షాబాద్ మండలం చందన్‌వెల్లిలో వెల్‌స్పన్ ఫ్యాక్టరీ, అమెజాన్ డేటా సెంటర్ వచ్చాయి. 2025లో చేవెళ్లనూ మొయినాబాద్‌నూ మునిసిపాలిటీలు చేశారు. చౌటుప్పల్ నుంచి షాద్‌నగర్, చేవెళ్ల మీదుగా సంగారెడ్డికి పోయే రీజినల్ రింగు రోడ్డు గీత మ్యాపుల మీద కనబడుతున్నది. రోడ్డు పడితే రోడ్డు పక్క జాగకు విలువ పెరుగుతుంది. దాంట్లో మోసమేమీ లేదు.

కాని రోడ్డు పడకముందే రోడ్డు రేటు పడుతుంది చూడండి, అసలు కథ అక్కడ మొదలవుతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డును నాలుగు వరుసలు చేస్తామని చెప్పి ఏళ్లు గడిచాయి. మర్రిచెట్ల మీద హరిత ట్రిబ్యునల్లో కేసు నడిచింది, పని ఆగింది. వెంచర్ల బ్రోచర్లలో మాత్రం ఆ రోడ్డు ఎప్పుడో పూర్తయింది, దాని మీద కార్లు కూడ పోతున్నాయి. నిజం రోడ్డు మీద 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు తాండూరు నుంచి వచ్చే ఆర్టీసీ బస్సును గుద్దితే 19 మంది చనిపోయారు. వాళ్లలో పట్నానికి చదువుకోను పోతున్న ఆడపిల్లలున్నారు. బొమ్మలో రోడ్డుకు రేటు కట్టినవాళ్లు ఎవరూ ఆ బస్సులో ఎక్కేవాళ్లు కారు.

రేటులో నిజమెంత, గాలెంత అని కొలవటానికి పెద్ద చదువు అక్కర్లేదు. భూమి ఏడాదికి ఏమిస్తుంది, దాని ధర ఎంత, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. లెక్క కోసం ఎకరం కోటి రూపాయలు అనుకుందాం. (అసలు రేటు ఊరికొకటి, నోటికొకటి. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసేది ఇంకొకటి. అందుకే గుండ్రటి అంకె తీసుకున్నాం.) ఆ కోటి బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 7 లక్షలు వస్తుంది. అదే ఎకరంలో చేవెళ్ల రైతు టమాటో, క్యారెట్టో, గులాబీయో పెట్టి మంచి ఏడైతే ఖర్చులు పోను లక్ష మిగిల్చాడనుకుందాం. ధర పడిపోయిన ఏడు ఆ లక్ష కూడ లేదు, టమాట పారబోసి ఖాళీ గంపలతో ఇంటికి రావాలి. అంటే ఏడు వంతుల్లో పంట విలువ ఒక వంతు. మిగతా ఆరు వంతులు ఆశ. రేపు ఇంకొకడు వచ్చి ఇంతకన్న ఎక్కువకు కొంటాడన్న ఆశ. వాడెందుకు కొంటాడు? ఎల్లుండి మరొకడు వస్తాడని. ప్లాట్ల సంగతీ అంతే. కొత్త వెంచర్లలో గేటుంటుంది, ఆర్చి ఉంటుంది, కడీలు పాతి ఉంటాయి. పొయ్యి వెలిగే ఇల్లు వెతికితే గాని దొరకదు.

మొయినాబాద్ సంగతి ఇంకా విచిత్రం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచిన తర్వాత కట్టినవి గండిపేట చెరువు (1920), హిమాయత్‌సాగర్ (1927). ఆ నీళ్లు పాడు కాకూడదని 1996 మార్చి 8న 111 జీవో తెచ్చారు. రెండు చెరువుల చుట్టు పది కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో, దాదాపు 1 లక్షా 32 వేల ఎకరాల్లో కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రావద్దన్నారు. మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లు దాని కిందికి పోయాయి, చేవెళ్ల మండలంలో కొన్ని. ఈ చెరువుల పరిధిలో నూనె ఫ్యాక్టరీ పెట్టబోయిన కేసులో 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడ తాగునీళ్ల పక్షానే నిలబడింది. చెరువును కాపాడటం మంచిదే. నీళ్లు చెడిపోతే ముందు జబ్బు పడేది మనవాళ్లే, సీసా నీళ్లు కొనుక్కునేవాళ్లు కాదు. మా ప్రశ్న వేరు. కాలనీ కట్టరాదన్న భూమిని పాతికేళ్లు కొంటూ పోయినవాళ్లు ఎవరు?

కట్టరాదు కాబట్టి చవక. చవక కాబట్టి, ఆగగలిగినవాడు కొన్నాడు. నాయకులు కొన్నారు, సినిమావాళ్లు కొన్నారు, కాంట్రాక్టర్లు, పెద్ద ఉద్యోగాలు చేసి దిగినవాళ్లు కొన్నారు. చుట్టూ గోడ కట్టి, నాలుగు మామిడి చెట్లు పెట్టి, కుక్కను కట్టేసి పోయారు. 2022 ఏప్రిల్ 12న 69 జీవో వచ్చి ఆంక్షలు షరతుల మీద సడలిస్తున్నామన్నది. 2023 మే 18న మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తేస్తామని ప్రకటించింది. అదే ఏడు డిసెంబరులో ప్రభుత్వమే మారిపోయింది. ఈ తేదీల మధ్య మొయినాబాద్ మట్టి గుణం మారలేదు, నీళ్లు పెరగలేదు, ఒక్క బస్సు ఎక్కువ రాలేదు. రేటు మాత్రం ప్రకటన వెంట ఎగిరింది. దీన్ని పెరుగుదల అందామా, బుడగ అందామా? పందెం అంటే సరిపోతుంది. మలక్‌పేట రేసుల్లో గుర్రం ఎక్కినోడే పందెం కాస్తే నేరం. ఇక్కడ జీవో రాసే గదికి దగ్గర ఉన్నోడు పందెం కాస్తే దాని పేరు పెట్టుబడి.

బుడగ పగలదా అంటే, పగిలింది కూడ. 2006లో హుడా కోకాపేటలో గోల్డెన్ మైల్ అని పేరు పెట్టి వేలం వేస్తే ఎకరం 14 కోట్ల 25 లక్షల దాకా పోయింది. 2008లో అమెరికాలో ఇళ్ల అప్పుల బుడగ పగిలితే ఆ దుమ్ము కోకాపేట మీద కూడ పడింది. వేలంలో గెలిచిన కంపెనీల్లో కొన్ని, ఈ భూమి టైటిల్ మీద తగాదా ఉన్నది, మేం కట్టిన పైస మాకు తిరిగి ఇప్పించండి అని హైకోర్టు మెట్లెక్కాయి. ఆ డిసెంబరులోనే సత్యం కంప్యూటర్స్ డబ్బుతో సొంత కుటుంబపు మేటాస్ కంపెనీలను కొనబోయి, వాటాదార్లు తిరగబడితే రామలింగరాజు వెనక్కి తగ్గాడు. 2009 జనవరి 7న లెక్కలన్నీ తప్పులని తనే ఉత్తరం రాసిచ్చాడు. హైదరాబాద్ చుట్టూ అమ్ముదామంటే కొనేవాడు లేని రోజులవి.

మరి అదే కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 నవంబరులో 151 కోట్ల 25 లక్షలు. "చూసిన్రా, బుడగ అన్నోడే మునిగిండు" అని వ్యాపారులు నవ్వుతారు. నవ్వే ముందు ఏళ్లు లెక్కపెట్టాలి. 2006 నుంచి 2023 దాకా పదిహేడేళ్లు. ఆ పదిహేడేళ్లు ఆగినవాడు గెలిచాడు. 2009లో అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే అమ్ముకున్నవాడికి ఆ వంద కోట్ల వార్త పేపర్లో చదువుకునే భాగ్యమే మిగిలింది. అందరికీ ఆగితే కలిసొస్తుందన్న హామీ కూడ లేదు. జపాన్‌లో 1990ల మొదట్లో పడిన భూమి రేట్లు పదిహేనేళ్లు పడుతూనే పోయాయి. ఏది పెరుగుదల, ఏది బుడగ అని తేల్చేది ఎంతకాలం ఆగగలవు అన్న ప్రశ్న. ఆగటానికి కావలసింది ఇంకొక ఆదాయం, బ్యాంకులో పరపతి, ఆఫీసులో తెలిసిన మనిషి, పేరు మీద సాఫ్ కాగితం. ఈ దేశంలో ఈ నాలుగూ ఏ కులాల దగ్గర పోగుపడ్డాయో చెప్పనక్కర్లేదు. వాడ మనిషి ఎంతకాలం ఆగగలడు? ఒక బిడ్డ పెండ్లి దాకా, ఒక ఆసుపత్రి బిల్లు దాకా.

ఇక మన చేతిలో ఉన్న భూమి దగ్గరికి వద్దాం. దేశం మొత్తం మీద సాగుభూమిలో ఎస్సీల చేతిలో ఉన్నది నూటికి తొమ్మిది వంతులు కూడ లేదు. ఆ ఉన్నదైనా ఎటువంటిది? చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లల్లో వాడ భూమి అంటే లావణి పట్టాలు, గుట్ట పక్క అసైన్డ్ చెలకలు. సేత్‌సింధి, నీరడి, బలూత ఇనాములు, అంటే తాతలు ఊరికి చేసిన చాకిరికి జీతం బదులు ఇచ్చినవి. కొందరికి కౌలు హక్కు కింద వచ్చిన 38-ఇ సర్టిఫికెట్లు. ఇంకొందరికి దొర దగ్గర తెల్లకాగితం మీద కొనుక్కున్న సాదాబైనామాలు. ఒక్కొక్క దాని వెనక ఒక్కొక్క కొర్రీ. దొర మనవడికి ముప్పై ఏళ్లు ఈ ఊరి తొవ్వ తెల్వదు. రేటు పెరిగేసరికి తొవ్వ తెలిసింది. రికార్డుల మా తాత పేరే ఉన్నది అంటాడు. ఉన్నది నిజమే, మార్చమని మనోళ్లు తిరిగిన చెప్పుల లెక్క రికార్డులో లేదు.

అసైన్డ్ భూమి ఎట్లా పోతుందో తెలియని వాడ లేదు, అయినా రాసిపెట్టాలి. 1977 చట్టం అసైన్డ్ భూమిని అమ్మరాదు, కొనరాదు అన్నది. పేదోని భూమి పేదోని దగ్గరే ఉండాలన్న ఉద్దేశం మంచిదే. జరిగింది మాత్రం ఇది: చట్టం ధరను ఆపింది, అమ్మకం ఆగలేదు. ముందు ఒక మధ్యవర్తి వస్తాడు. చాలాసార్లు మన వాడ పిలగాడే, కొత్త మోటార్ సైకిల్ మీద. "మామా, ఇది సర్కారు భూమి. రేపు ఏ కంపెనీకో గుంజుకుంటరు. నీకు చాయ పైసలు కూడ రావు. నేను ఇప్పిస్తున్న గద, తీస్కో" అంటాడు. బయానా చేతిలో పెడతాడు. స్టాంపు కాగితం మీద వేలిముద్ర. రిజిస్ట్రేషన్ కాదు కాబట్టి రేటు పక్క పట్టా భూమిలో నాలుగో వంతు. మిగిలిన పైసలు "పాస్‌బుక్ పని అయినంక". మూడు నెలల్లో కడీలు పాతుతారు, ఏడాదికి గోడ లేస్తుంది. పైసలు అడగను పోతే "అసైన్డ్ భూమి అమ్మినవ్ కాబట్టి నీ మీదనే కేసు అయితది" అని బెదిరింపు. ఆఖరికి ఆ గోడ లోపల మామిడి చెట్లకు నీళ్లు పట్టే వాచ్‌మన్ కొలువు ఎవరికి ఇస్తారు? భూమి అమ్మినోనికే. తన భూమి గేటు తనే తీసి, కారుకు నమస్తే పెట్టే మనుషులు మొయినాబాద్‌లో ఉన్నారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కొర్రీ ఉన్నదని నాలుగో వంతుకు కొన్న భూమి మీద కొర్రీ పోయిన రోజు ఏమవుతుంది? అదే ఎకరం ఒక్క రోజులో నాలుగింతలు. దాన్ని వెంచర్ చేస్తే, రోడ్లకూ పార్కుకూ పోను 2,500 గజాలు మిగిలాయనుకుంటే, గజం 15 వేల లెక్కన 3 కోట్ల 75 లక్షలు. పాతిక లక్షల బయానా బేరానికీ ఈ అంకెకూ మధ్య తేడాలో రోడ్డు ఎంత, ఐటీ కంపెనీ ఎంత? పెద్ద ముక్క మన కాగితంలో ఉన్న లోపం. చేవెళ్ల రేటుకు గట్టి పునాది ఏదన్నా ఉన్నదంటే మన హక్కుకు ఉన్న ఈ తరుగే. మార్కెట్ పండితులు దీన్ని ఏ పట్టికలోనూ చూపరు. కోకాపేటలో కంపెనీకి టైటిల్ తగాదా వస్తే పైసలు తిరిగి ఇయ్యమని కోర్టుకు పోతుంది. మన భూమికి టైటిల్ తగాదా ఉంటే ధర కోస్తారు. రెండు తగాదాలూ చూసేది ఒకటే రెవెన్యూ శాఖ.

ప్రభుత్వాలు ఈ ఆటలో అంపైరు అనుకుంటే పొరపాటు. వేలాలు వేసేది వాళ్లే, పలికిన రేటును చూపి పక్క ఊళ్ల రేటు ఎగదోసేది వాళ్లే. 2021 జులైలో భూముల మార్కెట్ విలువలు పెంచి, రిజిస్ట్రేషన్ ఖర్చు నూటికి 6 నుంచి 7.5 చేశారు. పెరిగిన ప్రతి రేటులో ఖజానాకు వాటా ఉంది. 2018లో మొదలైన రైతుబంధు పట్టా ఉన్నవాడికే పోయింది, కౌలు చేసేవాడికి పోలేదు. ఫాంహౌస్ యజమానికి ఆగటానికి సర్కారే భత్యం ఇచ్చినట్టయింది. 2014 ఆగస్టు 15న గోల్కొండలో మొదలుపెట్టిన దళితులకు మూడెకరాల పథకంలో ఎకరానికి రెండు నుంచి ఏడు లక్షల దాకా పెట్టి భూమి కొంటామన్నారు. ఆ పైసలకు చేవెళ్లలో మూడు ఎకరాలు కాదు, మూడు గుంటలు వచ్చినా గొప్పే. రేటు పెరగటమంటే మన కోసం భూమి కొనే పథకం ఈ మండలాల్లో చచ్చిపోవటం అని అప్పుడెవరూ చెప్పలేదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది, ఎంతోమంది పేర్లు నిషేధిత జాబితాలో పడ్డాయి, కొందరి పేర్లే కనబడకుండ పోయాయి. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడే, భూభారతి మొదలుపెట్టారు. తేదీ ఎన్నుకోవటంలో మనవాళ్లకు ఎప్పుడూ లోటు చెయ్యరు.

చేవెళ్ల అసెంబ్లీ స్థానం 2009 ఎన్నికల నుంచి ఎస్సీలకు రిజర్వు. నాలుగుసార్లు ఎస్సీ ఎమ్మెల్యేలే గెలిచారు. అదే చేవెళ్లలో 2023 ఆగస్టు 26న మల్లికార్జున ఖర్గే సమక్షంలో కాంగ్రెస్ పార్టీ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ చదివింది. గుంజుకున్న అసైన్డ్ భూములు తిరిగి ఇస్తాం, పట్టా భూములతో సమానంగా సర్వ హక్కులు ఇస్తాం అని అందులో ఉంది. ఆ పార్టీ నాలుగు నెలలకే గద్దెనెక్కింది.

ఈ "సర్వ హక్కులు" అన్న మాట మీదనే మన ఉద్యమంలో రెండు అభిప్రాయాలున్నాయి. అమ్ముకునే హక్కు లేని ఆస్తి ఆస్తే కాదు, పక్క రెడ్డికి లేని నిషేధం మాదిగకు ఎందుకు అని కొందరు అడుగుతున్నారు. వాళ్ల ప్రశ్న న్యాయమైనది. హక్కు వచ్చిన తెల్లారే భూమి పోతుంది, ఇంక వాడ కింద గజం మిగలదు అని ఇంకొందరు భయపడుతున్నారు. వాళ్ల భయం నిజమైనది. బాబాసాహెబ్ 1947లో రాజ్యాంగ సభకు రాసిన "రాష్ట్రాలు, అల్పసంఖ్యాకులు" పత్రంలో సాగుభూమి రాజ్యం ఆస్తిగా ఉండాలనీ, ఊరివాళ్లు కలిసి సాగు చెయ్యాలనీ, దొర, కౌలుదారు, కూలీ అన్న తేడా ఉండకూడదనీ అన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు. భూమిని సరుకు చేశారు. సరుకు చేసిన తర్వాత మన సరుకుకు మాత్రమే ధర లేకుండ చెయ్యటం ఏం న్యాయం?

మా అభిప్రాయం దాచకుండ చెపుతాం. అమ్ముకునే హక్కు రావాలి. కాని ఏది ముందు, ఏది వెనక అన్న దాంట్లోనే అంతా ఉంది. హక్కు ఇప్పుడు భూమి మీద ఉన్నవాడికి ఇస్తే గోడ కట్టుకున్న ఫాంహౌస్ వాడికి ఇచ్చినట్టు. 2018 సవరణలో కొన్నవాళ్లలో భూమిలేని పేదలకు మాత్రమే అన్నారు. కాగితం మీద పేదలు ఎట్లా పుడతారో, డ్రైవర్ల పేరు మీద, వంటమనుషుల పేరు మీద భూములు ఎట్లా ఉంటాయో అందరికీ తెలుసు. కాబట్టి మొదట తిరిగి అప్పగింత జరగాలి. 1977 చట్టంలోనే ఉన్నది, చేతులు మారిన అసైన్డ్ భూమిని స్వాధీనం చేసుకుని ఒకసారి అసలు లబ్ధిదారుకో, అతని వారసులకో తిరిగి ఇవ్వాలని. 2007లో దానికి ఒక సవరణ తోక తగిలించారు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో ఆ భూమిని పేదకు ఇయ్యకుండ ప్రజా ప్రయోజనం పేరుతో వాడుకోవచ్చునట. రేటు పెరిగే చోట్ల చట్టం వంగటానికి దారి అది. ఆ తోక కోసెయ్యాలి. అప్పగింత అయినంక, రికార్డు సాఫ్ అయినంక, అసలు లబ్ధిదారు కుటుంబానికే, ఆడోళ్ల పేరు కూడ చేర్చి, పూర్తి హక్కు ఇవ్వాలి. అప్పుడు అమ్ముకుంటాడా, ఉంచుకుంటాడా, కౌలుకిస్తాడా, వాడి ఇష్టం. పూర్తి ధరకు అమ్మి పిల్లలను చదివించుకున్నవాణ్ణి తప్పుబట్టే హక్కు ఉద్యమానికి లేదు. పావు ధరకు అమ్మేటట్టు చేసిన వ్యవస్థను తప్పుబట్టే పని ఉంది.

"సర్కారు గుంజుకుంటే రూపాయి రాదు" అనే మధ్యవర్తి మాట అబద్ధం అని కూడ తెలుసుకోవాలి. ఆ అబద్ధాన్ని కొట్టేసిన తీర్పు మన చేవెళ్ల డివిజన్ ఆర్డీఓ కేసులోనే వచ్చింది. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం, అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర ప్రకారం నష్టపరిహారం ఇవ్వాలన్నది. రాష్ట్రమంతా ఆ తీర్పును వాడుకుంటున్నది. తీర్పు పుట్టిన చేవెళ్లలో మనవాళ్లకు దాని సంగతి చెప్పిన ఆఫీసర్ ఎవరన్నా ఉన్నాడా?

భూమి లేనోళ్ల సంగతి ఇంకా అధ్వాన్నం, ఎందుకంటే వాళ్లకు రేటు అంటే ఇంటి జాగ. ఇందిరమ్మ ఇండ్లు మొదటి విడతలో సొంత జాగ ఉన్నవాళ్లకే ఇస్తామన్నారు. జాగ ఎక్కడిది? తాత కట్టిన ఒక్క ఇంట్లో ముగ్గురు అన్నదమ్ముల సంసారాలు. రోజుకు 500 కూలి, ఏడాదికి 200 రోజులు పని దొరికితే లక్ష. గజం 15 వేలైతే 100 గజాలకు 15 లక్షలు, అంటే తిండి, బట్ట, మందు లేకుండ పదిహేనేళ్ల కూలి. మునిసిపాలిటీ అయిన ఊళ్లల్లో గ్రామీణ ఉపాధి పని కూడ ఉండదు, ఇంటి పన్ను మాత్రం ఉంటుంది. బొందలగడ్డలు కూడ వెంచర్ల గోడల్లో కలుస్తున్నాయి. బతికినోనికి జాగ లేదు సరే, చచ్చినోనికీ లేకుండ చేస్తున్నారు. ప్రతి వెంచర్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు ఊళ్లో ఇల్లు లేనోళ్లకు ఇంత భాగం అని ముందే తీసిపెట్టాలని, వాడ పక్క సర్కారు భూమి వేలానికి పోకుండ ఇంటి జాగలకే ఉంచాలని అడగాలి. రేటు పడిపోయిన రోజు అడిగితే, రేటు లేదు, ఖజానాలో పైస లేదు అంటారు. పెరిగిన రోజు అడిగితే, ఇంత విలువైన భూమి మీకా అంటారు. కాబట్టి రోజు చూసుకోకుండ అడగవలసిందే.

పగులుతుందో, పెరుగుతుందో చూద్దామని కూర్చునే తీరిక మనకు లేదు. పగిలితే మధ్యవర్తి వచ్చి "ఇంకా పడిపోతది, ఇప్పుడే ఇచ్చేయ్" అంటాడు. పెరిగితే "ఇంత రేటు మళ్ల రాదు, ఇప్పుడే ఇచ్చేయ్" అంటాడు. రెండుసార్లూ బేరం ఒకటే. అందుకని వాడల్లో చదువుకున్న పిల్లలకు ఒక పని చెపుతున్నాం. మీ ఊరి వాడ భూముల సర్వే నెంబర్లన్నీ ఒక నోట్ బుక్కులో రాయండి. ఒక్కొక్క నెంబరుకు 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరుంది, తర్వాతి పహాణీల్లో ఎవరి పేరుంది, ధరణిలో ఏమైంది, భూభారతిలో ఏముంది, ఇప్పుడు భూమి మీద ఎవరున్నారు అని ఐదు గడులు గీయండి. అసైన్‌మెంట్ పట్టా, ఓఆర్‌సీ, 38-ఇ సర్టిఫికెట్, సాదాబైనామా ఏది ఉన్నా రెండు నకళ్లు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి సంఘంలో పెట్టండి. ఆ నోట్ బుక్కు పూర్తయ్యేదాకా ఎవరి దగ్గరా బయానా తీసుకోవద్దని వాడ కూర్చుని మాట అనుకోండి. కాగితాలు పోయినవాళ్లు తహసీల్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీల కోసం రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ఆఫీసులో "రేపు రా" అంటే వచ్చెయ్యకండి. అర్జీ మీద నెంబరు వేయించి, ముద్ర కొట్టించి, రసీదు తీసుకున్నంకనే మెట్లు దిగండి.